గాలి తగిలిన స్పాంజి

స్పాంజిని నీళ్ళలోంచి ఒక్కసారి పైకి తీస్తే చాలు, అది చచ్చినట్టే. చేపలా గిలగిల కొట్టుకోదు. దానికి నోరు లేదు, కన్ను లేదు, రక్తం లేదు. ఒళ్ళంతా సన్నటి దారులు. నీళ్ళు ఒక పక్క నుంచి లోపలికి పోయి ఇంకో పక్క నుంచి బయటికి వస్తుంటే అది బతుకుతుంది. ఆ దారుల్లో గాలి చేరిందంటే దానంతట అది బయటికి రాదు. గాలి నిలిచిన చోట లోపల కుళ్ళు పుడుతుంది. పైకి రెండు మూడు రోజులు ఏమీ తెలియదు.

మా ఊరు జర్జీస్‌లో స్పాంజి పట్టిన ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు. కాని దానితో మాకు పని పడలేదు. మేం దాన్ని చంపడానికే తెచ్చేవాళ్ళం. పడవ మీద పడేసి, నల్లటి పాలు కారిపోయేదాకా కాళ్ళతో తొక్కి, తడి గోనె కప్పి, మర్నాడు మళ్ళీ తొక్కేవాళ్ళం. స్పాంజిని బతికించి ఇంట్లో పెట్టినవాడు మా ఊళ్ళో ఒక్కడే. మా బావ దావు. మా చెల్లెలు మబ్రూకా మొగుడు.

పెట్టింది తన ఇంట్లో కాదు. దావుకి ఇల్లు లేదు. రేవు పెద్దది చేసినప్పుడు అతని గుడిసె పోయింది. అప్పటికి మా చెల్లెలు పోయి చాలా ఏళ్ళయింది. స్పాంజి షావుకారు సీ లమ్జద్, అంటే లమ్జద్ గారు, తన మేడ వెనకాల ఒక గది ఇచ్చాడు. బదులుగా దావు ఆయన గాజు తొట్టి చూసుకోవాలి. మూడు మీటర్ల తొట్టి అది. వెచ్చటి నీళ్ళు, నీలం దీపాలు, పగడాలు, రంగు రంగుల చేపలు. నేను నా మూడు చక్రాల బండి మీద వారానికి రెండుసార్లు సముద్రపు నీళ్ళు డ్రమ్ముల్లో తెచ్చి పోసేవాణ్ణి.

ఏప్రిల్‌లో ఒకరోజు నేను నీళ్ళు పోస్తుంటే సీ లమ్జద్ తొట్టి ముందు నిలబడి దావుతో అన్నాడు.

"ఇందులో అంతా పరాయి సరుకే దావూ. ఈ చేపది ఏ దేశమో, ఆ పగడానిది ఏ దేశమో. మా నాన్న ఈ మేడ కట్టింది దేనితో? అది మాత్రం లేదు. ఒక స్పాంజి పెట్టు."

"స్పాంజి అంటే కుక్క కాదు సీ లమ్జద్. తెచ్చి కట్టేస్తే పడి ఉండదు."

"నీ వల్ల కాదంటావు."

"సముద్రంలో నా వల్ల కానిదేముంది? మా బావ చేత మాట్లాడించడం ఒక్కటే కాలేదు" అన్నాడు దావు నన్ను చూపించి.

సీ లమ్జద్ నవ్వాడు. నవ్వి, అదే గొంతుతో చెప్పాడు. "ఆలివ్ కోతలదాకా అది బతికి ఉంటే ఆ గది నీదే, నువ్వు పోయేదాకా. చచ్చిందా, నీ మూట నువ్వు కట్టుకో. పనికిరాని చేతులు నాకెందుకు?"

"ఈ చేతులా?" అని దావు రెండు చేతులూ చాపి చూపించాడు. "ఈ చేతులు పట్టిన స్పాంజికి చచ్చాక కూడా గాలి తగలదు."

దావు అలాగే మాట్లాడతాడు. ఊళ్ళో అతని చేతులకు పేరుంది. అతని నోటికి ఇంకా పేరుంది. నాకున్న పేరు కూడా అతని నోటి నుంచి వచ్చిందే. జర్జీస్‌లో నన్ను పిరికి బెల్గాసెం అంటారు.

ఆ పేరు వచ్చి ముప్పై ఎనిమిదేళ్ళు. అప్పుడు మేమిద్దరం ఒకే పడవలో పనిచేసేవాళ్ళం. నేను గాలి గొట్టం నోట కరుచుకుని ముప్పై మీటర్ల లోతులో స్పాంజి కోస్తున్నాను. పైన గాలి ఇంజను చూడాల్సింది దావు. ఇంజనులో నూనె అయిపోయింది. దావు వంటవాడితో పేకాట ఆడుతున్నాడు. కింద నేను గాలి పీల్చితే గొట్టం నొక్కుకుపోయింది, గాలి రాలేదు. బరువు వదిలేసి ఒక్క ఊపున పైకి వచ్చాను. అంత లోతు నుంచి అలా రాకూడదు, వస్తే ఒళ్ళు చచ్చుబడుతుంది. పడవ అంచు పట్టుకున్నప్పుడు నా కళ్ళతో చూశాను, దావు వంగి ఇంజనులో నూనె పోస్తున్నాడు. నూనె సగం బయటే ఒలికింది.

పడవ యజమాని, మా రయీస్, పరిగెత్తి వచ్చి అడిగాడు. "ఇంజను ఆగిందా?"

"లేదు రయీస్. ఆగలేదు. వీడే ఏదో చూసి జడుసుకుని వచ్చేశాడు."

అప్పటికే నా నడుము కింద ఏమీ తెలియడం లేదు. నాలుక కూడా మొద్దుబారింది. మూడు వారాలు నేను మాట్లాడలేకపోయాను. మాట తిరిగి వచ్చేసరికి దానితో పని అయిపోయింది. ఊరంతటికీ కథ తెలిసిపోయింది. మా చెల్లెలు నా మంచం పక్కన కూర్చుని, "భయపడితే ఏమైంది అన్నా, ప్రాణం దక్కింది చాలు" అంది. ఆమె కూడా నమ్మింది. ఏ పడవా నన్ను మళ్ళీ ఎక్కించుకోలేదు. కుడికాలు ఇప్పటికీ ఈడుస్తాను. రెండేళ్ళకు దావు మా చెల్లెల్ని పెళ్ళికి అడిగాడు. చేసిన పనికి బాధపడి అడిగాడేమో అని మొదట అనుకున్నాను. కాదు. ఆమె అందంగా ఉండేది.

ఏప్రిల్ చివర దావు, నేను చిన్న పడవలో వెళ్ళాం. నడుము లోతు నీళ్ళలో ఒక నల్ల స్పాంజి దొరికింది, రెండు పిడికిళ్ళంత. దావు దాన్ని రాతి మీద నుంచి కోయలేదు. అది అంటుకున్న రాతిముక్కతో సహా ఉలితో విడగొట్టాడు. మూత ఉన్న బకెట్టు నీళ్ళలోనే ముంచి, స్పాంజిని నీళ్ళలోనే అందులో పెట్టి, మూత నీళ్ళలోనే వేశాడు. మేడకు తెచ్చి, బకెట్టును బకెట్టుగా తొట్టిలో ముంచి, అక్కడ మూత తీశాడు. మధ్యలో గాలి అన్న మాట లేదు. దీపం నేరుగా పడని చోట, రాయి నీడలో, నీళ్ళు మెల్లగా కదిలే చోట కూర్చోబెట్టాడు.

చూసినవాళ్ళకు అది ఏమీ చేయదు. కాని దావుకి రోజంతా దానితో పనే. దాని మీద పాచి పట్టకూడదు. పాచిని గోకకూడదు. అరచేత్తో నీళ్ళు విసిరి ఎగరగొట్టాలి. తిండికి ఊరి పక్క బీబాన్ ఉప్పుకయ్య నుంచి ఆకుపచ్చగా మారిన నీళ్ళు సీసాలో తెచ్చి, చెంచాడు చెంచాడు దాని పక్కన వదిలేవాడు. "తిను తల్లీ. నువ్వు తింటేనే నాకు పడక" అనేవాడు. నెలకోసారి తొట్టి రాళ్ళు కడగాలి. అప్పుడు దాన్ని మళ్ళీ బకెట్టులోకి మార్చేవాళ్ళం. లోపల దావు పట్టుకునేవాడు, నేను మూత వేసేవాణ్ణి.

ఒకసారి నా చెయ్యి పట్టుకుని తొట్టిలో పెట్టించాడు. నా చూపుడు వేలు స్పాంజి నెత్తిన ఉన్న రంధ్రం దగ్గర ఉంచాడు.

"తెలిసిందా బావా? ఊదుతోంది."

తెలిసింది. నిద్రపోయే పసివాడి ముక్కు దగ్గర వేలు పెడితే ఎలా ఉంటుందో అలా ఉంది.

"ఇందాకటి నుంచి నీకంటే ఇదే ఎక్కువ మాట్లాడింది" అన్నాడు దావు.

వేసవి దాటింది. స్పాంజి బతికింది. అక్టోబరులో ఆలివ్ కాయలు నల్లబడడం మొదలైంది. కోతలు మూడు నాలుగు వారాల్లో ఉన్నాయి. దావు తన గదికి సున్నం వేసుకున్నాడు. తలుపుకి నీలం రంగు పూశాడు. రేవులో టీ కొట్టు దగ్గర అందరికీ చెప్పాడు, సముద్రం తలకింద పెట్టుకుని చస్తానని.

ఆ నెల రెండో గురువారం తొట్టి కడిగాం. ఎప్పటిలాగే బకెట్టు, ఎప్పటిలాగే మూత. నేనే వేశాను. లోపల ఒక్క బుడగ లేదు. దావు చూశాడు, నేనూ చూశాను.

మర్నాడు శుక్రవారం. నమాజు అయ్యాక దావు ఖబరస్తానుకు వెళ్ళాడు, మా చెల్లెలి దగ్గరికి. ప్రతి శుక్రవారం వెళ్తాడు. నేను నీళ్ళ డ్రమ్ములు దించుతున్నాను. లోపల సీ లమ్జద్ దగ్గరికి జెర్బా దీవి నుంచి ఒక హోటలు యజమాని వచ్చాడు. ఇద్దరూ తొట్టి ముందు బాదంపప్పు వేసిన టీ తాగుతున్నారు.

"ఇదా స్పాంజి?" అన్నాడు హోటలాయన. "ఎవరో మాడిపోయిన రొట్టె పారేసినట్టుంది."

"మాడిన రొట్టెనా?" సీ లమ్జద్ గ్లాసు కింద పెట్టాడు. "సరుకు కంటితో చూస్తే తెలియదు. పట్టి చూడాలి."

చొక్కా చెయ్యి మోచేతిదాకా మడిచాడు. తొట్టిలో చెయ్యి పెట్టాడు. స్పాంజిని రాయితో సహా పైకి తీశాడు.

ఆయన నడక నేర్చింది స్పాంజి గోదాములో. పదేళ్ళ వయసు నుంచి వాళ్ళ నాన్న పక్కన కూర్చుని ఇదే పని చేశాడు. స్పాంజి చేతికి వస్తే వెలుతురుకి ఎత్తి పట్టుకోవాలి, బొటనవేలితో నొక్కాలి, వదలాలి, ఎంత వేగంగా లేస్తుందో చూడాలి, వాసన చూడాలి. అలా కొన్ని వేలు నొక్కి ఉంటాడు. అవన్నీ చచ్చినవి. దీనికి గాలి తగలకూడదని దావు మొదటిరోజే చెప్పాడు. చెవి విన్నది. చేతికి ఎవరు చెప్పాలి?

వెలుతురుకి ఎత్తాడు. బొటనవేలితో లోతుగా నొక్కాడు. నల్లటి పాలు ఆయన మణికట్టు మీదుగా కారాయి.

"చూశావా ఎలా వెనక్కి లేస్తుందో? మా నాన్న దీన్ని మొదటి రకంలో వేసేవాడు."

వాసన చూశాడు. హోటలాయన చేత కూడా నొక్కించాడు. ఆయన ఒక వేలితో ముట్టుకుని చెయ్యి తుడుచుకున్నాడు. ఒక టీ గ్లాసు తాగేంత సేపు అది గాలిలో ఉంది. తర్వాత సీ లమ్జద్ దాన్ని మళ్ళీ నీడలో పెట్టాడు. దాని నుంచి సన్నటి బుడగల దారం ఒకటి పైకి వచ్చి ఆగిపోయింది. మిగతా గాలి లోపలే ఉండిపోయింది. బొటనవేలు పడ్డ చోట గుంట పూర్తిగా లేవలేదు.

సీ లమ్జద్ చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలో ఉన్న నన్ను చూశాడు.

"ఏం చూస్తావు? నీళ్ళు పొయ్యి."

పోశాను.

అప్పటికప్పుడు చెబితే దావు ఏదో ఒకటి చేసేవాడు. స్పాంజిని నీళ్ళలో తలకిందులు చేసి, మెల్లగా తడుతూ గాలి వదిలించేవాడు. అది పోయినా, బకెట్టులో వేసి బయట పెట్టి తొట్టినైనా కాపాడేవాడు. ఎవరు తీశారో తెలిస్తే సీ లమ్జద్ ఒప్పుకునేవాడో లేదో, దావు నోరు మాత్రం ఊరుకునేది కాదు. చెబుదామనే డ్రమ్ము పక్కన నిలబడ్డాను.

దావు మోకాళ్ళకి ఖబరస్తాను మట్టితో వచ్చాడు.

"మీ చెల్లెలికి నీ సలాం చెప్పాను బావా. అచ్చం నీలాగే, తిరిగి ఒక్క మాట అనలేదు."

మాట నా నోటిదాకా వచ్చింది. అంతలో సీ లమ్జద్ లోపలి నుంచి పిలిచాడు. "దావూ, ఇలా రా. ఈయనకు ఆ కథ చెప్పు. మన పిరికివాడి కథ."

దావు లోపలికి వెళ్ళాడు. చెప్పాడు. చెప్పేకొద్దీ ఆ కథ పెరుగుతూ వచ్చింది. మొదట్లో నేను ఏదో చూసి జడుసుకున్నాను. తర్వాత కొన్నేళ్ళకు అది పెద్ద చేప అయింది. ఆ రోజు ఇంకొకటి అయింది.

"వీడు కింద నుంచి బాణంలా వచ్చాడు. ఏమైందిరా అంటే వేలు చూపిస్తాడు కిందికి. దయ్యం ఉందట, పొడుగ్గా, నల్లగా, కాళ్ళూ చేతులూ ఊపుతోందట. మేం దిగి చూశాం. ఏముంది? ఏమీ లేదు. ఆ రోజు ఎండ బాగా ఉంది. వీడు తన నీడనే చూసుకున్నాడు."

హోటలాయన కళ్ళు తుడుచుకుని నవ్వాడు. గుమ్మంలో నా ఈడ్చే కాలును చూసి ఇంకా నవ్వాడు. దావు నా వైపు చూసి కన్ను గీటాడు. అందులో కల్మషం లేదు. అదే నాకు తెలిసింది ఆ రోజు. ఆ ఇంజను ఆగిందని, తాను పేకాడాడని, అతనికి గుర్తే లేదు. తన అబద్ధాన్ని తనే నమ్మి ముప్పై ఎనిమిదేళ్ళు హాయిగా నిద్రపోయాడు.

బయటికి వచ్చి అడిగాడు. "నేను లేనప్పుడు ఏమైనా కావాలన్నాడా షావుకారు?"

"ఏమీ లేదు" అన్నాను.

ఖాళీ డ్రమ్ములు ఎక్కించుకుని ఇంటికి వెళ్ళాను.

సోమవారం వెళ్ళేసరికి దావు తొట్టికి ముక్కు ఆనించి ఉన్నాడు. బొటనవేలి గుంట ఉన్నచోట పిండి చల్లినట్టు తెల్లటి మచ్చ వచ్చింది. నెత్తి మీద రంధ్రం దగ్గర వేలు పెట్టి చూశాడు. నా వేలు కూడా పెట్టించాడు.

"ఊదుతోందా?"

"లేదు."

"నీ వేలు మొద్దు. ఊదుతోంది, కొంచెం."

ఊదడం లేదు.

మంగళవారం మచ్చ అరచేతి అంత అయింది. దావు నీళ్ళలోనే కత్తి పెట్టి కుళ్ళిన భాగం కోసేశాడు. కోసిన చోట లోపల అంతా బూడిద రంగు. బుధవారం ఇల్లంతా కుళ్ళిన గుడ్డు వాసన. చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరిచాయి. పగడాలు జిగురు కక్కాయి. దావు రాత్రీ పగలూ బకెట్లతో నీళ్ళు మార్చాడు. నేను రోజుకి నాలుగు బళ్ళు తెచ్చాను. ఎంత తెమ్మంటే అంత తెచ్చాను. గురువారానికి తొట్టిలో కదిలేది ఏమీ లేదు.

సీ లమ్జద్ ముక్కుకి రుమాలు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఎలా చచ్చింది?"

"గాలి తగిలింది" అన్నాడు దావు. "ఇది గాలి చావే. కాని ఎలా తగిలిందో నాకు అంతు పట్టడం లేదు."

"అంతు పట్టడానికేముంది? పోయిన గురువారం బకెట్టులోకి మార్చావు. అప్పుడే చేరింది. నీ చేతులు ముసలివైపోయాయి దావూ."

దావు మొహం ఎర్రబడింది. "నా చేతుల్లో గాలా? యాభై ఏళ్ళలో ఎప్పుడైనా విన్నారా? ఇదిగో, మా బావ ఉన్నాడు. మూత వేసింది తనే. బావా, చెప్పు. ఈ ఒక్కసారి నోరు తెరువు."

సీ లమ్జద్ నా వైపు చూశాడు. ఆయన బొటనవేలు రుమాలు మీద ఉంది. శుక్రవారం సంగతి ఆయనకు గుర్తుందో, చెయ్యి చేసిన పని తలకి తెలియనే లేదో, ఆ చూపులో నాకు దొరకలేదు.

"నేను మూత వైపే చూశాను" అన్నాను. "లోపల చూడలేదు."

దావు బకెట్టు మూత తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"శనివారానికి గది ఖాళీ చెయ్యి" అన్నాడు సీ లమ్జద్. "నీలం రంగు ఎందుకు వేశావు ఆ తలుపుకి? మళ్ళీ గీకించాలి."

శనివారం పొద్దున దావు మూట నా బండి మీదే అద్దె కార్ల అడ్డాకి తెచ్చాను. ఒక పరుపు, టీ కెటిల్, గోనె సంచి, ఆ బకెట్టు. తతావీన్ దగ్గర కొండల్లో అతని పినతండ్రి కొడుకు మేకలు కాస్తున్నాడు. అక్కడికి పోతున్నాడు. అక్కడ సముద్రం లేదు. బావి కూడా దూరమే.

కారు నిండడానికి ఇంకా ఇద్దరు రావాలి. మేం గోడ నీడలో కూర్చున్నాం. దావు బార్లీ రొట్టె విరిచి సగం నాకిచ్చాడు. తను తినలేదు.

"బావా."

"ఊఁ."

"రెండు రోజులు పడుకోలేదు. అదే ఆలోచిస్తున్నాను. బకెట్టు వంచినప్పుడు నా ఎడమ చెయ్యి కొంచెం వణికింది. ఈ మధ్య వణుకుతోంది. నీకు చెప్పలేదు. అప్పుడు ఒక బుడగ ఏమైనా పోయిందా అని." రెండు చేతులూ చాపి, తిప్పి చూసుకున్నాడు. "నువ్వు షావుకారు ముందు చూడలేదన్నావు. నన్ను కాపాడడానికే అన్నావని నాకు తెలుసు. మబ్రూకా తోడబుట్టినవాడివి, ఇంకేం చేస్తావు? ఇప్పుడిక్కడ ఎవరూ లేరు. నిజం చెప్పు. లోపల గాలి ఉందా?"

అతని కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి. లేదని ఒక్క మాట చాలు. ఆ మాట పట్టుకుని అతను తతావీన్ కొండల్లో కూడా నవ్వుతూ బతకగలడు.

"ఉంది" అన్నాను.

"ఎంత?"

"ఆలివ్ గింజంత."

తల ఊపాడు.

"అయితే నేనే" అన్నాడు. తర్వాత బకెట్టు నా వైపు జరిపాడు. "ఇది నువ్వు ఉంచుకో. మేకలకి దీనితో పనిలేదు."

కారు నిండింది. డ్రైవరు పరుపు పైన కట్టాడు. దావు వెనక సీటులో ఇద్దరు ముసలాళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. కారు కదలకముందే మాట మొదలుపెట్టాడు. అద్దంలోంచి నాకు వినపడలేదు. వాళ్ళకి తన చేతులు చూపిస్తున్నాడు. బకెట్టు ఎలా వంచాడో, ఎడమ చెయ్యి ఎలా వణికిందో, బుడగ ఎంత ఉందో వేళ్ళు దగ్గర పెట్టి చూపిస్తున్నాడు. నా కథ చెప్పేటప్పుడు అతని చుట్టూ ఎప్పుడూ నవ్వులుండేవి. ఆ ముసలాళ్ళు నవ్వలేదు. అతని చేతుల వైపు చూసి, కిటికీ వైపు జరిగి కూర్చున్నారు.

కారు వెళ్ళిపోయింది. కాలు నొప్పిగా ఉంటే బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని, చేతిలో ఉన్న రొట్టె తిన్నాను.